పెద్దమ్మ చెయ్యి, మేనత్త చెయ్యి

మార్చి 3

అమ్మని కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎడమ కంట్లో శుక్లం తీశారు. బాగానే జరిగింది. నా షిఫ్టు తమ్ముడు చేశాడు.

నా షిఫ్టులో చుక్క పడింది.

ఇంకేం రాయను.

మార్చి 4

రాస్తాను. రాయకపోతే ఎవరి గొంతో ఒకరిది పట్టుకునేలా ఉన్నాను.

అసలు మొన్న సాయంత్రం నేను కాదు అనాల్సింది. వంటింట్లో గిన్నెలు తోముతుంటే చిన్నోడు వెనకాల నిలబడి గారాలు పోయాడు. "అక్కా, రేపు అమ్మతో నువ్వెళ్ళవా? ఆపరేషను గది దగ్గర నువ్వుంటే అమ్మకి ధైర్యం. నీ షిఫ్టు నేను చూసుకుంటాలే."

అమ్మ మంచం మీంచే అందుకుంది. "అవునే. వాడికి ఆ మందుల వాసన పడదు."

వాడికి పడదట. నాకు మాత్రం అది అత్తరు.

వెళ్ళాను. వరండాలో బెంచీ మీద అమ్మ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఫోను అదిరింది. "అక్కా!!! చుక్క!!! కొత్తది!!! ఏ జాబితాలోనూ లేదు!!!" వాడి ఆశ్చర్యార్థకాలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. నర్సు వచ్చి "పేషెంటు తాలూకు ఎవరు?" అంది. నేనే అన్నాను. చుక్క తాలూకు మాత్రం వాడు.

నేను ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు వీడు కాలేజీలో ఫ్రెషర్స్ పార్టీలు చేసుకుంటున్నాడు. వీడు అటక మీద పడేసిన పుస్తకాలే నేను చదివాను. లెక్కలు అర్థంకాక ఏడ్చి, మళ్ళీ మొదట్నుంచి చేసి, కోడు రాయడం వీడియోలు చూసి నేర్చుకుని, కాంట్రాక్టు మీద చేరాను. పైన అంతరిక్షంలో మా టెలిస్కోపు ఎక్స్-రే కంటితో ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా చూస్తుంటుంది. కొత్తగా ఏది మెరిసినా కింద మా తెర మీద గంట మోగుతుంది. మోగినది నిజం చుక్కా, తెలిసిన నక్షత్రమే ఒళ్ళు విరుచుకుందా, ఏదో కణం వచ్చి కెమెరాకి కొట్టుకుందా, ఉత్త చెత్తా? కుర్చీలో ఉన్నవాళ్ళు తేల్చాలి. నేను గంపలకొద్దీ చెత్త తీసి పారేశాను. అందుకే ఆఫీసులో నన్ను జల్లెడ అంటారు. అందరి షిఫ్టుల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు కొత్త చుక్క పడింది. నా జల్లెడలో ఒక్కటీ నిలవలేదు.

వీడు పరిశోధక విద్యార్థిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. అప్పుడే "కుర్ర డాక్టరు" అని పిలుస్తున్నారు. వీడికి చుక్కలు చూడటం నేర్పింది ఎవరు? మా భోజనాల బల్ల మీద, చెంచాలు పెట్టి?

నేనే.

మార్చి 5

ఆఫీసులో పండగ. మేడమ్ అందరికీ టీ తెప్పించారు. నా కప్పులో చీమ.

నడవాలో గాజు బోర్డు ఉంది. కొత్త చుక్క పట్టినవాళ్ళు దాని మీద ముద్దుపేరు రాయాలి, ఎవరూ తుడవకూడదు. అసలు పేరు పొడుగాటి అంకెలే, అది ఎవరికీ నోరు తిరగదు. బోర్డు మీద అన్నిటికంటే పైన పెద్దమ్మ, మేనత్త. ఎప్పుడు చూసినా వెలిగే రెండు ముసలి నక్షత్రాలు, మేమెవరమూ పుట్టకముందు కనిపెట్టినవి. వాటి కింద ముక్కుపుడక, అలిగినోడు. ఇంకొకటి చుట్టం, ఎప్పుడో వచ్చి మొహం చూపించి పోయేది.

చిన్నోడు అంకెలు రాసి, పక్కన ఒక పెట్టె గీసి, అందులో ఏమీ రాయలేదు. ఎందుకురా అని మా ఆఫీసు యాంటెనా బాబాయి అడిగితే "పేరు తర్వాత" అన్నాడట. పోజు. పేరు పెట్టే తీరిక కూడా లేదు దొరవారికి.

మేడమ్ అంటున్నారు: చుక్క నల్లబిలం నోట్లో పడి చీలిపోయిన నక్షత్రం కావచ్చు, ఆగాగి వెలిగే చుట్టం రకమూ కావచ్చు. ఏదన్నది మా టెలిస్కోపు చెప్పలేదు. కొండ మీది పెద్ద టెలిస్కోపు మామూలు వెలుగులో అదే చోట చూడాలి, అదీ చుక్క ఆరిపోకముందే. రేపే చూస్తామని ఒప్పుకున్నారు. చూస్తే దాని ఊరూ పేరూ తేలిపోతుంది. ప్రపంచమంతా పంపిన నోటీసులో మొదటి పేరు మా చిన్నోడిది.

అమ్మ పక్కింటావిడకి అప్పుడే చెప్పేసింది. "మా వాడు నక్షత్రం కనిపెట్టాడండీ." ఆవిడ నన్ను అడిగింది, "మరి నువ్వేం చేస్తావమ్మా అక్కడ?"

మార్చి 6, మధ్యాహ్నం

భోజనం మానేసి వాడి చుక్క పడిన బొమ్మ తెరిచి చూశాను.

మా టెలిస్కోపుకి ప్రతి వెలుగూ కూడిక గుర్తులా కనబడుతుంది. మధ్యలో చుక్క, నాలుగు పక్కలా నాలుగు చేతులు. వెలుగు ఎంత ఎక్కువైతే చేతులు అంత పొడుగు. పెద్దమ్మ అడ్డంగా చాపిన చెయ్యి, మేనత్త నిలువుగా చాపిన చెయ్యి ఎక్కడ కలుస్తాయో అక్కడ దొంగచుక్క పుడుతుంది. అచ్చం నిజందానిలాగే ఉంటుంది, అక్కడ ఏమీ ఉండదు. వాడికి నేను చెప్పిన మొదటి పాఠమే అది. "ముసలాళ్ళిద్దరూ చేతులు కలిపితే పిల్ల పుట్టిందనుకోకు" అని కూడా చెప్పాను. నవ్వాడు వెధవ. మరి మొన్న ఎందుకు చూసుకోలేదు?

వాడి చుక్క ఆ చేతులు కలిసే చోటికి దగ్గర్లో ఉంది.

దగ్గరంటే దగ్గరే. కాస్త పక్కకి ఉంది. కాస్తే.

బొమ్మ గీశాను. పెద్దమ్మ చెయ్యి ఎర్రగా, మేనత్త చెయ్యి నీలంగా. గీతలు కొంచెం లావుగా గీశాను, అందరికీ కనపడాలిగా.

మార్చి 6, సాయంత్రం

మీటింగులో పెట్టాను. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "జల్లెడా, ఎంత నమ్మకం నీకు?"

"నాకు నమ్మకాలుండవు మేడమ్. గీతలున్నాయి."

ఆ మాట నాకే నచ్చింది.

యాంటెనా బాబాయి పైకి ఆదేశాలు పంపే మనిషి. నోరు ఊరుకోదు. "ఒకసారి తిప్పి చూస్తే పోలా?" అన్నాడు. టెలిస్కోపుని ఉన్నచోటే కొంచెం పక్కకి ఒరిగిస్తే చేతులు కూడా దాంతోపాటే తిరుగుతాయి. దొంగచుక్క అయితే కలయికతో పాటు జారిపోతుంది. నిజందైతే ఉన్నచోటే ఉంటుంది. ఆ పాఠం చిన్నోడికి ఇంకా చెప్పలేదు.

మేడమ్ నా వైపు చూశారు.

"తిప్పితే రోజంతా ఆకాశం సర్వే పోతుంది మేడమ్. ఇంత తేటగా కనబడుతుంటే అక్కర్లేదు."

చిన్నోడు తెర దగ్గరికెళ్ళి బొమ్మని చాలాసేపు చూశాడు. ఇంచుమించు ముక్కు ఆనించాడు. తర్వాత ఇటు తిరిగి, "అక్క చెప్పిందంటే అంతే మేడమ్. నేనే తొందరపడ్డా" అన్నాడు. పంపిన నోటీసు వెనక్కి తీసుకుంటున్నామని వాడి చేత్తోనే టైపు చేశాడు. కొండ మీది టెలిస్కోపు వాళ్ళు వేరే పని చూసుకుంటామన్నారు.

కడుపులో చల్లగా ఉంది.

ఇందులో నాకేమీ లేదు. తప్పుడు చుక్క ప్రపంచమంతా తిరిగితే పరువు ఎవరిది పోయేది? ఆఫీసుది. వాడిది కూడా. నేను నా పని చేశాను.

మార్చి 7

నిద్ర బాగా పట్టింది.

మార్చి 8

అమ్మ కన్ను తేటపడింది. పొద్దున్నే ఇల్లంతా కలియతిరిగి "ఇంత మురిగ్గా ఉందేమే ఇల్లు! ఇన్నాళ్ళూ శుభ్రంగా ఉందనుకున్నా" అంది. నల్లద్దాలు పెట్టుకుని చీపురు పట్టుకుంది, లాక్కోవాల్సి వచ్చింది.

తర్వాత వాడి మొహం చూసింది. "ఎందుకురా అలా వాడిపోయావు?"

నా కళ్ళ కింద నలుపు ఎప్పట్నుంచో ఉంది. కొత్త కన్ను కూడా అటే పోయింది.

వాడేమన్నాడో తెలుసా? "అక్క నన్ను కాపాడిందమ్మా. లేకపోతే లోకమంతా నవ్వేది." అని నా కప్పు తీసుకెళ్ళి కడిగాడు. నిన్న నా వంతు అంట్లు కూడా తోమాడు. ఎవడు తోమమన్నాడు? అడుగున మడ్డి అలాగే ఉంది, మళ్ళీ నేనే తోముకున్నాను.

వాడు ఏడిస్తే బాగుండేది. అలిగినా బాగుండేది. నాతో పోట్లాడితే ఇంకా బాగుండేది. ఈ థాంక్స్ ఏంటి మధ్యలో.

మార్చి 9

సన్నగా గీస్తే ప్రొజెక్టరులో కనపడవు. అందుకే లావుగా గీశాను. ఎవరైనా అంతే గీస్తారు.

మార్చి 10

తిప్పమని అడిగేశాను. ఒకసారి మేకు దిగ్గొట్టేస్తే పీడా పోతుంది. దొంగచుక్క జారిపోయిన బొమ్మ ఒకటి చేతిలో ఉంటే ఇక ఎవరూ గొణగరు. ముఖ్యంగా నా బుర్ర.

బాబాయి నవ్వాడు. "మొన్న వద్దంటివి, ఇవాళ కావాలంటివి. బట్టల కొట్లో మా ఆవిడ కూడా ఇంతేనమ్మా."

"పంపుతావా లేదా?"

"పంపుతానే తల్లీ, నన్ను కొరికేయకు."

మేడమ్ సంతకం పెట్టారు. "ఇదే నీలో నాకు నచ్చేది. తేలినదాన్ని కూడా వదలవు" అన్నారు.

మార్చి 11

కదల్లేదు.

బొమ్మలు దిగేటప్పటికి గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అందరూ భోజనాలకి వెళ్ళారు. పెద్దమ్మ చెయ్యి ఒరిగింది. మేనత్త చెయ్యి ఒరిగింది. అవి కలిసే చోటు పక్కకి జరిగిపోయి, అక్కడ చిన్న మసక పుట్టింది. అదీ దొంగచుక్క. నా దొంగచుక్క. దాని పాత చోటుకి ఇవతల, ఏ చెయ్యీ లేనిచోట, వాడి చుక్క.

మొదటి రోజంత లేదు. బాగా తగ్గిపోయింది. కానీ ఉంది. బుల్లి చేతులు నాలుగూ చాపి ఉంది.

కెమెరా మచ్చేమో అనుకున్నాను. చూశాను, కాదు. ఊరికే పడే చెదురుమదురు వెలుగేమో అనుకున్నాను. లెక్క కట్టాను, కాదు. మళ్ళీ కట్టాను. ఈ కుర్చీలో నేను చూసిన మొట్టమొదటి నిజమైన కొత్త చుక్క ఇదే. ఎంత బాగుందో. అది వాడిది.

తెర ఆపేయచ్చు. బొమ్మ సరిగ్గా రాలేదనచ్చు. ఒక్కమాట చాలు, నేను జల్లెడని, నా మాట ఎవరూ కాదనరు. కుర్చీలోంచి లేచి మేడమ్ తలుపు కొట్టాను. ఎందుకు కొట్టానో గొప్పగా రాసుకోను. ఇంత అందమైనదాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు, అంతే.

మేడమ్ చూశారు. లేచి నిలబడ్డారు. "వెంటనే నోటీసు పంపు. కొండ మీదికి నేను ఫోను చేస్తా. నీ పేరు ముందు పెట్టుకో."

"నా పేరా?"

"పాతది వెనక్కి తీసుకున్నాం కదా, లేనట్టే లెక్క. నిర్ధారించింది నువ్వు. రూలు అదే."

మొదట చూసింది మా తమ్ముడు మేడమ్ అనడానికి నోరు తెరిచాను.

"సరే మేడమ్" అని వచ్చింది.

నా పేరు ముందు. వాడిది తర్వాత. మధ్యలో కామా.

మార్చి 12

వాడు పరుగెత్తుకొచ్చి, నడవాలో అందరి ముందూ నన్ను ఎత్తినంత పని చేశాడు. "నిజందేనటగా! నిజందేనట! నువ్వు వదల్లేదు చూడు, నేనైతే వదిలేశా!" అని నా చేతిలో మార్కరు పెట్టాడు. "పెట్టు పేరు."

"నువ్వు గీసిన పెట్టె కదా, నువ్వే పెట్టు."

"ఆ పెట్టె నీకోసమే వదిలానక్కా. అది నీ షిఫ్టు. నేను ఊరికే నీ కుర్చీలో కూర్చున్నా. ఆ రోజే చెబుదామనుకున్నా, ఆస్పత్రి నుంచి వచ్చి నువ్వు మాటే కలపలేదు."

మార్కరులో సిరా అయిపోయిందన్నాను.

ఉంది.

మార్చి 13

కొండ మీద మబ్బులట. రేపు.

మార్చి 14

చూశారు. అక్కడ ఏమీ లేదు. నిజానికి ఉన్నాయి, ఆ కాస్త జాగాలో నాలుగైదు మసక మసక పాలపుంతలు. వాటిలో దేని ఇంట్లో మన దీపం వెలిగిందో ఇక చెప్పలేరు, ఎందుకంటే దీపం ఆరిపోయింది. మేడమ్ జాబితాలో కొత్త వరస చేర్చారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత వెలుగు, ఎవరు. చివరి గడి, అది ఏమిటి. అందులో "గుర్తు తెలియనిది" అని రాశారు. రోడ్డు పక్కన దొరికిన శవానికి రాసినట్టు.

"మొదట ఒప్పుకున్న రోజే చూసుంటే తేలేది" అన్నారు మేడమ్. ఇంకెవరితోనో కాదు, కిటికీతో. మళ్ళీ నా భుజం మీద చెయ్యేశారు. "నువ్వేం పెట్టుకోకు మనసులో. జాగ్రత్తపడటం తప్పు కాదు. నీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని."

చేసేవారు కాదు.

కావలసింది దొరికింది. జాబితాలో నా పేరుంది. దాని పేరే లేదు.

మార్చి 15

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున వాడు టీ పెడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వెనక్కి తిరక్కుండానే మొదలెట్టాడు. "బాధపడకక్కా. నువ్వు లేకపోతే అదసలు దొంగదిగానే పోయేది. కనీసం నిజమని తేలింది. థాంక్స్ నీకే..."

"ఆపుతావా?"

"ఏంటి?"

"ఆ థాంక్స్ ఆపు. ఇంకోసారి ఆ మాటన్నావంటే ఆ గిన్నె నీ నెత్తిన బోర్లిస్తా. తిప్పి చూసే పరీక్ష నాకు ఆ రోజే తెలుసు. బాబాయి అడిగాడు కూడా. నేనే వద్దన్నా. నీ చుక్క కలయిక మీద లేదు, పక్కకుంది, అది కూడా నాకు తెలుసు. అందుకే గీతలు లావుగా గీశా. అర్థమైందా? లావుగా గీస్తే ఆ తేడా కనపడదని! నా షిఫ్టులో నీకు పడిందని కుళ్ళు. కుళ్ళి చచ్చా. చాలా?"

అమ్మ లోపల్నుంచి, "ఏంటే ఆ అరుపులు? ఏమైనా పగిలిందా?"

"ఏం లేదమ్మా, మూత పడింది" అన్నాడు వాడు.

స్టవ్ ఆపాడు. పొంగినదంతా గుడ్డతో తుడిచాడు. అరుస్తాడనుకున్నాను. నాకు అదే కావాలి. వాడు గుడ్డ పిండుతూ, మామూలు గొంతుతో, "పక్కకుందని నాకూ కనపడింది" అన్నాడు.

"ఎప్పుడు?"

"మీటింగులో. తెర దగ్గరికెళ్ళి చూశాగా. గీత అంచున ఉంది చుక్క, మధ్యలో లేదు. అనుమానమొచ్చింది. కానీ గీసింది నువ్వు. నా కళ్ళకే ఇంకా చూడటం రాలేదేమో అనుకున్నా."

టీ కప్పు నా ముందు పెట్టాడు. తనది తాగలేదు. కిందికి వెళ్ళిపోయాడు.

వాడు గుడ్డి నమ్మకంతో ఒప్పుకున్నాడనుకున్నాను. కాదు. చూసి కూడా, తన కళ్ళని పక్కన పెట్టి, నన్ను నమ్మాడు. చూడటం నేర్పినదాన్ని నేనే, చూసింది అబద్ధమని నమ్మించినదాన్నీ నేనే.

మార్చి 16

మాట్లాడలేదు.

మార్చి 17

మాట్లాడలేదు. అంట్లు నా వంతువి నాకే వదిలేశాడు. హాయిగా ఉంది. హాయిగా లేదు.

మార్చి 19

మేడమ్ దగ్గరికెళ్ళి లావు గీతల సంగతి చెప్పాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"పేర్లు మార్చండి మేడమ్. వాడిది ముందు పెట్టండి."

"పంపిన నోటీసు మారదు. దిద్దుబాటు వెయ్యచ్చు. మొదట కనిపెట్టింది అతనని, ఆలస్యానికి కారణం ఫలానా అని. కింద నీ సంతకం. అందరూ చదువుతారు."

"వేస్తాను."

"వచ్చే నెల నుంచి నువ్వు ఒంటరిగా తీర్పు చెప్పడానికి లేదు. ఇంకొకరు కూడా చూడాలి. జల్లెడకి చిల్లి పడింది." నవ్వలేదు ఆవిడ.

దిద్దుబాటు రాశాను. మొదట కనిపెట్టింది ఎవరో సరిగ్గానే రాశాను. కారణం దగ్గర "కొలతలో పొరపాటు" అని రాశాను. కొలతలో పొరపాటు లేదు. కుళ్ళు అని రాయడానికి అక్కడ గడి లేదు. ఉన్నా రాసేదాన్నా?

ఏమో.

మార్చి 25

భోజనాల బల్ల దగ్గర వాడు చెంచా ఒకటి నా వైపు తోశాడు. ఇన్నాళ్ళకి మొదటి మాట. "ఆ తిప్పే పరీక్ష నేర్పు."

కంచం తీసుకున్నాను. రెండు చెంచాలు పెద్దమ్మా మేనత్తా అన్నాను. చిక్కుడు గింజ ఒకటి మధ్యలో పెట్టి, కంచం కదలకుండా చెంచాలు తిప్పి చూపించాను. వాడు తలూపాడు. తనే తిప్పాడు. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి.

"ఇంకా ఏమైనా దాచిపెట్టావా?"

"లేదు."

"నిజం చెప్పు."

"ఒక్కటుంది. రేపు చెబుతా."

నవ్వొచ్చింది వాడికి. ఆపుకున్నాడు. గింజ నోట్లో వేసుకుని లేచిపోయాడు. అమ్మ చూసింది. "నువ్వు నేర్పుతుంటే వాడికి కొమ్ములొస్తున్నాయే" అంది. ఎవర్ని మెచ్చుకుందో, ఎవర్ని తిట్టిందో తెలీదు.

ఏప్రిల్ 7

ఎల్లుండి టెలిస్కోపు మళ్ళీ ఆ ముక్క ఆకాశం వైపు తిరుగుతుంది. అది చుట్టం రకమైతే మళ్ళీ వెలగచ్చు. వెలిగితే ఈసారి కొండ మీదివాళ్ళు సిద్ధంగా ఉంటారు, దాని ఊరూ పేరూ తేలుతుంది. ఆ చివరి గడి నిండుతుంది. వెలక్కపోతే ఎప్పటికీ "గుర్తు తెలియనిది".

ఎల్లుండి షిఫ్టు నాది. పక్కన ఇంకొకరు కూర్చుంటారు, అయినా కుర్చీ నాదే.

ఎల్లుండే అమ్మ కుడి కన్ను ఆపరేషను.

నా షిఫ్టులోనే రావాలని ఉంది. ఎంత ఉందంటే, పళ్ళు నూరుకుంటున్నాను. ఇంత జరిగాక కూడా. సిగ్గు లేదు నాకు.

ఏప్రిల్ 8

"రేపు నా షిఫ్టు నువ్వు చెయ్యి. అమ్మతో నేనెళ్తా" అన్నాను.

వాడు చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. పెట్టె నిలబెట్టి నా వైపు చూశాడు. "రేపు అటువైపు తిరుగుతుంది. తెలుసుగా?"

"తెలుసు."

"వస్తే?"

"వస్తే వస్తుంది."

"మరి నువ్వు..."

"నీకు మందుల వాసన పడదుగా."

ఏప్రిల్ 9

ఆస్పత్రి వరండా. అదే బెంచీ. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను, ఒళ్ళో అమ్మ చెప్పులు.

ఇందాక లోపలికి పిలిచారు. అమ్మ కంటికి గంతతో పడుకుని చెయ్యి చాపింది. పట్టుకున్నాను. "ఎవరు, చిన్నోడా?" అంది.

ఒళ్ళు మండింది. "నేనమ్మా."

"తెలుసులే. వాడైతే ఈపాటికి వాసనకి బయటికి పారిపోయేవాడు. నిన్ను ఉడికించడానికే అలా అన్నా." చెయ్యి వదల్లేదు. "ఏం, ఇవాళ చేతులు అంత చల్లగా ఉన్నాయి?"

ఏసీ అన్నాను.

బయటికొచ్చి కూర్చున్నాక ఫోను అదిరింది. తెర మీద వాడి పేరు. వెంటనే చూడలేదు. ఆశ్చర్యార్థకాలు ఉంటాయేమోనని. చెప్పులు కింద పెట్టి, మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, అప్పుడు చూశాను.

"ఏమీ లేదక్కా. పెద్దమ్మ ఉంది, మేనత్త ఉంది. మధ్యలో ఖాళీ. తిప్పి కూడా చూశాం."

హమ్మయ్య అనిపించింది.

అదే ముందొచ్చింది. ఇది రాయకుండా పుస్తకం మూసేద్దామనుకున్నాను. కానీ ఇక్కడ కూడా లావుగా గీస్తే ఇక నాకు ఎక్కడా చోటు లేదు. వాడికి పడలేదని హమ్మయ్య. దాని తర్వాత, చాలా తర్వాత, పాపం అది అనిపించింది. ఎక్కడో వెలిగి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆరిపోయిన దాని మీద. చెప్పబోయింది. వినాల్సిన రోజు నేను అడ్డం నిలబడ్డాను.

"మళ్ళీ ఎప్పుడు అటు తిరుగుతుంది?" అని పంపాను.

"వచ్చే నెల. నీ షిఫ్టే."

"నువ్వే కూర్చో" అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను.

నర్సు పిలుస్తోంది. పంపేసి వెళ్ళాలి.

పంపాను.